అబ్సిడియన్ బలం ఎంత?

మైన్‌క్రాఫ్ట్ ఆడే పిల్లల్ని ఆ ఆటలో మొండి రాయి ఏదని అడిగితే చాలామంది అబ్సిడియన్ పేరే చెబుతారు. లావా మీద నీళ్లు పడితే తయారయ్యే నల్లటి దిమ్మ అది. పక్కనే టీఎన్‌టీ పేల్చినా దానికి ఏమీ కాదు. అయితే దాని పేలుడు నిరోధకత ఎంత అంటే మాత్రం జవాబులు కలవవు. ఏళ్ల తరబడి ఆడుతున్నవాళ్లు 6000 అంటారు. కొత్తవాళ్లు 1200 అంటారు. పాత ప్రోగ్రామును విప్పి చూసినవాళ్లు అక్కడ రాసి ఉన్నది 2000 అంటారు.

ముగ్గురు చెప్పేదీ నిజమే. పాత ప్రోగ్రాములో అబ్సిడియన్ ఎదురుగా రాసింది 2000. దాన్ని దాచుకునేటప్పుడు ప్రోగ్రాము మూడుతో హెచ్చవేసి 6000 చేసేది. పేలుడు జరిగినప్పుడు ఆ 6000ను అయిదుతో భాగించి 1200ను లెక్కలోకి తీసుకునేది. తర్వాతి వెర్షన్లలో ఈ హెచ్చవేత, భాగహారం రెండూ తీసేసి నేరుగా 1200 అనే రాశారు. ఆటగాళ్లు రాసుకునే వికీలో ఎంతో కాలం 6000 ఉండేది, తర్వాత 1200 అయింది. దాంతోపాటు మామూలు రాయి 30 నుంచి 6కు దిగింది. మార్పు చూసినవాళ్లకు రాళ్లన్నీ ఒక్కసారిగా అయిదు రెట్లు బలహీనపడ్డట్టు అనిపించవచ్చు. నిజానికి ఆటలో ఒక్క రాయి బలం కూడా తగ్గలేదు. మారింది రాసే పద్ధతి.

వీడియో గేముల వికీల్లో పదార్థాల ధర్మాలను తాజాగా ఉంచడం చూడటానికి చిన్న పని. పాత అంకె చెరిపి కొత్త అంకె వేస్తే అయిపోయినట్టే ఉంటుంది. కానీ ఆ పనిలో దిగినవాళ్లకు మొదట ఎదురయ్యేవి కొలతల శాస్త్రంలోని ప్రశ్నలే. ఈ అంకె ఏ వెర్షన్‌ది? ఏ ప్రమాణంలో ఉంది? ఏ సూత్రంలో వేయాలి? స్థలం రెండు వందలు అన్నంత మాత్రాన గజాలో అంకణాలో తెలియదు. అంకణమైతే ఏ ఊరి అంకణమో కూడా చెప్పాలి. పదార్థాల పట్టికలోని ప్రతి గడిదీ ఇదే సంగతి.

సూత్రం లేని అంకె

మైన్‌క్రాఫ్ట్‌లో టీఎన్‌టీ పేలుడు శక్తి 4. పేలిన చోటు నుంచి ప్రోగ్రాము అన్ని దిక్కులకూ కిరణాలు పంపుతుంది. ఒక్కో కిరణం బయల్దేరేటప్పుడు దాని తీవ్రత పేలుడు శక్తికి 0.7 నుంచి 1.3 రెట్ల మధ్య ఎంతైనా ఉండొచ్చు. అంటే 2.8 నుంచి 5.2 వరకు. దారిలో దిమ్మ తగిలితే, దాని నిరోధకతకు 0.3 కలిపి, వచ్చినదాన్ని మళ్లీ 0.3తో హెచ్చవేసి, అంత తీవ్రతను కిరణంలోంచి తగ్గిస్తుంది. ఇంకా ఏమైనా మిగిలితే దిమ్మ పగులుతుంది.

రాయి విషయంలో లెక్క చూద్దాం. నిరోధకత 6 అనుకుంటే 6.3ను 0.3తో హెచ్చవేయాలి, 1.89 వస్తుంది. అన్నిటికన్నా బలహీనమైన కిరణానికి కూడా 2.8 ఉంటుంది కాబట్టి పక్కనున్న రాయి పగిలిపోతుంది. పాత పేజీలోని 30ని ఇదే సూత్రంలో వేస్తే 9.09 వస్తుంది. 5.2 ఉన్న కిరణం కూడా దాన్ని దాటలేదు. అంటే టీఎన్‌టీ మామూలు రాయిని పగలగొట్టలేదని తేలాలి. ఆట తెరిచి ఒక్క టీఎన్‌టీ పేల్చి చూస్తే ఆ లెక్క తప్పని తెలిసిపోతుంది.

అలాగని పాత 30 తప్పు కాదు. అప్పటి సూత్రంలో ముందు అయిదుతో భాగించే మెట్టు ఒకటి ఉండేది. 30 ఆ సూత్రంతో జత. 6 ఇప్పటి సూత్రంతో జత. ఒకదాని అంకెను ఇంకోదాని సూత్రంలో పెట్టినప్పుడే పొరపాటు పుడుతుంది. వికీలో ఒక పేజీలో అంకెను, వేరే పేజీలో సూత్రాన్ని రాస్తారు. ఒకటి దిద్ది రెండోదాన్ని వదిలేస్తే రెండూ విడివిడిగా సరైనవే అయినా కలిపి చదివినవాళ్లకు తప్పు లెక్క వస్తుంది.

ఇప్పుడు అబ్సిడియన్‌ను అదే సూత్రంలో పెట్టండి. 1200తో వేస్తే కిరణంలో దాదాపు 360 తగ్గాలి. 6000తో వేస్తే 1800 తగ్గాలి. 5.2 ఉన్న కిరణానికి రెండూ ఒకటే, అది అక్కడే ఆగిపోతుంది. కాబట్టి అబ్సిడియన్ దగ్గర ఎన్ని టీఎన్‌టీలు పేల్చినా పేజీలోని అంకె సరైనదో కాదో తేలదు. పరీక్షలో ఇది మొదటి సూత్రం. అంకె మారితే ఫలితం మారే చోటే పరీక్ష పెట్టాలి. ఎక్కడా అడ్డురాని తప్పు పేజీలో ఏళ్లపాటు నిలిచిపోతుంది.

ఇంకో గందరగోళం కూడా ఇక్కడే మొదలవుతుంది. పేలుడు నిరోధకత వేరు, తవ్వడానికి పట్టే సమయాన్ని నిర్ణయించే కాఠిన్యం వేరు. అబ్సిడియన్ కాఠిన్యం 50, రాయిది 1.5. సరైన పనిముట్టు వాడితే కాఠిన్యాన్ని 1.5తో హెచ్చవేసి పనిముట్టు వేగంతో భాగించాలి. వజ్రపు గునపం వేగం 8. దాంతో అబ్సిడియన్ తవ్వితే 75ను 8తో భాగించినట్టు, 9.4 సెకన్లు పడుతుంది. గడియారం పెట్టి చూసుకోవచ్చు. ఈ రెండు ధర్మాలనూ కలిపి ‘బలం’ అని ఒకే మాటతో రాసిన పేజీని ఎన్నిసార్లు దిద్దినా మళ్లీ తప్పుదోవే పడుతుంది.

మరి భూగర్భశాస్త్ర పుస్తకం చూసి సరిచేస్తే? అసలు అబ్సిడియన్ అగ్నిపర్వతాల దగ్గర దొరికే సహజమైన గాజు. మోస్ కాఠిన్య మానంలో దానిది 5 నుంచి 5.5. సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే గాజులాగే పెళుసుగా పగిలి, పదునైన అంచులు తేలుతుంది. రాతియుగపు మనుషులు దాంతో కత్తులు చేసుకున్నది అందుకే. మైన్‌క్రాఫ్ట్ అబ్సిడియన్‌కు దీనికీ పేరు, రంగు తప్ప పోలిక తక్కువ. వికీ రాసేది ఆట లోకం గురించి. అక్కడ ప్రమాణం ఆట ప్రోగ్రామే.

ఒక్క లోహానికి పద్దెనిమిది అంకెలు

అసలు ప్రపంచపు అంకెల్ని నేరుగా ఆటలోకి తెచ్చుకున్న గేము కూడా ఒకటుంది. దాని పేరు డ్వార్ఫ్ ఫోర్ట్రెస్. అమెరికాకు చెందిన టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అనే అన్నదమ్ములు బే 12 గేమ్స్ పేరుతో దీన్ని తయారు చేశారు. 2006 ఆగస్టులో మొదట విడుదలైంది. అక్షరాలు, గుర్తులే బొమ్మలుగా నడిచిన ఈ ఆటను 2012లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ తన సేకరణలోకి తీసుకుంది. బొమ్మలతో కూడిన వెర్షన్ 2022 డిసెంబరులో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో వచ్చింది. మరుగుజ్జులు కొండను తొలిచి కోట కట్టుకుని బతకడమే ఆట.

2010 వరకు ఇందులో లోహాల లెక్క సులువుగా ఉండేది. ప్రతి లోహానికీ దెబ్బ తీవ్రత చెప్పే ఒక శాతం. ఇనుము 100 అయితే మిగతావి దానికి పైనో కిందో. ఒక్క నిచ్చెన మెట్ల మీద అన్నీ వరసగా నిలబడేవి. 2010 ఏప్రిల్‌లో వచ్చిన 0.31 వెర్షన్ ఆ నిచ్చెనను తీసేసింది. ఇప్పుడు ప్రతి లోహానికీ సాంద్రత, ద్రవీభవన స్థానం, మరిగే స్థానం, విశిష్టోష్ణం ఉన్నాయి. వాటిపైన ఆరు రకాల బలాలు. దెబ్బ, నొక్కుడు, సాగదీత, మెలి, కోత, వంపు. ఒక్కోదానికి మూడేసి అంకెలు. ఎక్కడ లొంగి శాశ్వతంగా ఆకారం మారుతుంది, ఎక్కడ విరుగుతుంది, లొంగే క్షణానికి ఎంత సాగి ఉంటుంది. మొత్తం పద్దెనిమిది. ఇవన్నీ ఎవరైనా తెరిచి చదవగలిగే మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఉంటాయి.

ఇనుము వరసలో కోత దగ్గరి మూడు అంకెలు ఇవి: 155000, 310000, 189. పక్కన ప్రమాణం రాసి లేదు. ప్రమాణం కనుక్కోవడానికి ఇంటర్ ఫిజిక్సులో చదివే హుక్ సూత్రం చాలు. స్థితిస్థాపక హద్దు లోపల ప్రతిబలాన్ని వికృతితో భాగిస్తే ఒక స్థిరాంకం వస్తుంది. మొదటి అంకెను కిలోపాస్కల్స్ అనుకుందాం, అంటే 155 మెగాపాస్కల్స్. మూడోదాన్ని లక్షకు 189 వంతులు అనుకుందాం, అంటే 0.00189. భాగిస్తే దాదాపు 82 గిగాపాస్కల్స్ వస్తుంది. పదార్థశాస్త్ర పట్టికల్లో ఇనుము దృఢతా గుణకం కూడా 82 గిగాపాస్కల్సే. సాగదీత వరసలో లొంగే హద్దు అదే 155000, సాగుదల 73. దీన్ని భాగిస్తే 212 వస్తుంది. ఇనుము యంగ్ గుణకం 211. దశాంశాలు వదిలేసి పూర్ణాంకంగా రాసినందువల్ల వచ్చిన తేడా అంతే.

రెండుసార్లు సరిపోయిందంటే ప్రమాణాలు సరిగ్గానే పట్టుకున్నట్టు. 189ని ఎవరైనా వెయ్యికి వంతులుగా చదివి ఉంటే జవాబు వంద రెట్లు తేడా కొట్టేది. దిద్దుబాటు చేసేవాళ్లకు ఇలాంటి అడ్డ తనిఖీ చేతిలో ఉండటం పెద్ద బలం. ఆటను నడపకుండా కాగితం మీదే పట్టికను పరీక్షించవచ్చు. సాంద్రతలకూ ఇదే దారి. రాగి 8930, వెండి 10490, బంగారం 19320, ఘనమీటరుకు కిలోగ్రాముల్లో. మామూలు పుస్తకాల్లో కనిపించే అంకెలే ఇవి.

ఈ తనిఖీ పనిచేయని లోహం ఒకటుంది. అడమంటైన్ ఆట కోసం కల్పించిన లోహం. లొంగే హద్దు 50 లక్షలు, సాంద్రత 200 మాత్రమే, సాగుదల సున్నా. సున్నాతో భాగించలేం కాబట్టి దానికి గుణకం అంటూ లేదు. అది అసలు వంగదన్నమాట. పోల్చి చూడటానికి పుస్తకం లేని చోట ఫైలులో ఉన్నదే ఆఖరి మాట.

నిచ్చెన పోయింది, అలవాటు పోలేదు

అంకెలు మారినంత తేలిగ్గా ఆటగాళ్ల అలవాట్లు మారవు. పాత నిచ్చెనలో అడమంటైన్ అన్నిటికన్నా పైన. కత్తి చేసినా సుత్తి చేసినా అదే మేలు. 2010 తర్వాత కత్తి సంగతి అలాగే ఉంది, ఎందుకంటే దాని అంచు పదును హద్దు 100000, మామూలు లోహాలది 10000. సుత్తి కథ మాత్రం తిరగబడింది. సుత్తి దెబ్బకు కావాల్సింది బరువు. నీటి సాంద్రత 1000 అయితే అడమంటైన్‌ది 200. అంత తేలికైన సుత్తితో కొడితే శత్రువు కవచానికి ఏమీ కాదు. అదే కొలతలో చేసిన వెండి సుత్తి దానికి యాభై రెట్లకు పైగా బరువు. పాత లెక్క ప్రకారం దాచిపెట్టుకున్న ఖరీదైన లోహంతో సుత్తులు చేయించినవాళ్లు కోటలోని అతి బలహీనమైన ఆయుధాన్ని తయారు చేసుకున్నట్టయింది.

కంచు విషయమూ అంతే. నిచ్చెన కాలంలో అది ఇనుముకన్నా కింద. కొత్త పట్టికలో కోత దగ్గర కంచు లొంగే హద్దు 172000, ఇనుముది 155000. విరిగే హద్దు దగ్గర ఇనుము 310000తో పైన, కంచు 241000తో కింద. కంచు మేలా, ఇనుము మేలా అన్న ప్రశ్నకు ఇప్పుడు ఒక్క మాటలో జవాబు లేదు. దేనికి అన్నది కలిపి అడగాలి. కాబట్టి ఇలాంటి పేజీని సరిచేయడమంటే అంకె మార్చడంతో సరిపోదు. పేజీ అడుగుతున్న ప్రశ్ననే మార్చాల్సి వస్తుంది.

బాక్సైట్ కథ ఇంకా ముచ్చటైనది. పాత వెర్షన్లలో లావాకు తట్టుకునే యంత్ర భాగాలు చేయాలంటే బాక్సైట్ రాయి దొరకాలి. అది లేని చోట కోట కట్టడానికి కూడా కొందరు వెనకాడేవారు. ద్రవీభవన స్థానాలు సరిగ్గా చేర్చాక ఎన్నో రాళ్లు ఆ పనికి పనికొచ్చాయి. అయినా పాత సలహా చాలా కాలం తిరుగుతూనే ఉంది.

ఇక్కడ ఉష్ణోగ్రత ప్రమాణం కూడా ఆటకు సొంతమే. ఫారెన్‌హీట్ డిగ్రీలకు 9968 కలిపితే ఆట డిగ్రీలు వస్తాయి. నీరు గడ్డకట్టేది సరిగ్గా 10000 దగ్గర, మరిగేది 10180 దగ్గర. లావా వేడి 12000. ఇనుము కరిగేది 12768 దగ్గర, కాబట్టి లావాలో నిలుస్తుంది. రాగి కరిగేది 11952 దగ్గర. 48 డిగ్రీల తేడాతో రాగి తలుపు లావాలో కరిగిపోతుంది. సెల్సియస్‌లోకి మార్చేటప్పుడు ఎవరైనా దగ్గరి వందకు సవరించి రాస్తే ఈ రెండు అంకెల మధ్య గీత చెరిగిపోతుంది. రాగి, లావా రెండూ 1100 డిగ్రీలే అని పేజీ చెబుతుంది. ఆటగాడి కోట మునుగుతుంది.

దిద్దేవాళ్ల దారి

ఇన్ని చోట్ల జారే అవకాశం ఉన్నప్పుడు దిద్దేవాళ్లు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? ముందు చూడాల్సింది ఆట ఫైలు. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్‌లో లోహాల ఫైలు ఒకటి, రాళ్ల ఫైళ్లు వేరుగా, వాటికి వెనక పదార్థాల మూసలు ఉన్న ఫైలు ఇంకొకటి. రాయి దగ్గర ఏదైనా అంకె రాయకపోతే మూసలోని అంకె వచ్చి చేరుతుంది. పేజీలో చాలా రాళ్లకు ఒకే బలం కనిపిస్తే అది ఎవరో కాపీ కొట్టిన తప్పు కాకపోవచ్చు. మూసలో ఒక్క అంకె మారితే దాని మీద ఆధారపడ్డ పేజీలన్నీ ఒకేసారి పాతబడతాయి.

ఆ తర్వాత ఆటలో పరీక్ష. 0.31 వెర్షన్‌తోనే పరీక్షల కోసం ఒక బరి కూడా వచ్చింది. కావాల్సిన మరుగుజ్జులను, కావాల్సిన ఆయుధాలతో అందులో దింపి కొట్టుకోనివ్వవచ్చు. ఇక్కడ పాటించాల్సింది ప్రయోగశాల నియమమే. ఇద్దరి నైపుణ్యం ఒకటే, ఆయుధం ఒకటే, కవచం లోహం ఒక్కటే మారాలి. దెబ్బ ఎక్కడ పడుతుందో ఆట అదృష్టానికి వదిలేస్తుంది కాబట్టి ఒక పోటీ చూసి తీర్పు చెప్పకూడదు, ఎన్నో పోటీలు చూడాలి. ఈ పరీక్షలో తెలియకుండా పడే గుంట ఒకటుంది. పాత వెర్షన్లలో సేవ్ చేసిన ప్రతి ఆటా తన పదార్థాల ఫైళ్లను తనతోనే ఉంచుకునేది. కొత్త వెర్షన్ వేసుకుని పాత సేవ్ తెరిస్తే లోపల పాత అంకెలే నడుస్తాయి. అప్పుడు నిజాయితీగా చేసిన పరీక్ష కూడా తప్పు పేజీని సరైనదిగా తేలుస్తుంది.

ఆఖరుది రాసే తీరు. పాత పేజీని చెరిపేయడం చాలా సందర్భాల్లో మంచి పద్ధతి కాదు. పాత వెర్షనే ఆడేవాళ్లు ఉంటారు. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ వికీ పాత వెర్షన్ల పేజీలను వాటి వెర్షన్ పేరుతో విడివిడి విభాగాల్లో భద్రంగా ఉంచింది. ఆటలో వస్తువుల నాణ్యతకు వాడే పేర్లనే పేజీల నాణ్యతకూ పెట్టుకుని, బాగా కుదిరిన పేజీకి మాస్టర్‌వర్క్ అని ముద్ర వేస్తుంది. మైన్‌క్రాఫ్ట్ వికీకి మరో చిక్కు వచ్చింది. 2023 సెప్టెంబరులో దాన్ని రాసేవాళ్లు ఫాండమ్ అనే వికీల సైటు నుంచి బయటికొచ్చి సొంత చిరునామాకు మారారు. పాత చోట పాత ప్రతి అలాగే ఉంది. వెతికినవాళ్లకు ఒకే రాయికి రెండు పేజీలు తగులుతాయి. ఏది ఎప్పటిదో పేజీలోనే కనపడాలి.

తెలుగు వికీపీడియా రాసేవాళ్లకు ఈ చిక్కు కొత్త కాదు. 2016 అక్టోబరులో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. వేల గ్రామాల పేజీల్లో జిల్లా పేరు మారాలి. కానీ ఆ పేజీల్లోని జనాభా లెక్క 2011 నాటిది. ఆ లెక్కలు తీసినప్పుడు సిద్దిపేట జిల్లా లేదు, అక్కడి ఊళ్లు ఎన్నో మెదక్ జిల్లా కింద నమోదయ్యాయి. జిల్లా పేరు మార్చి ఊరుకుంటే, 2011 లెక్కల్లో ఆ ఊరిని వెతికేవాళ్లకు దారి దొరకదు. అందుకే పునర్వ్యవస్థీకరణకు ముందు ఆ ఊరు ఏ జిల్లాలో ఉండేదో కూడా పేజీలో ఒక వాక్యం చేర్చారు. జనాభా పక్కన ఏ ఏటి లెక్కో ఉంది. అంకె పాతదే, కానీ దాని వయసు దాచలేదు. అలాంటి పేజీ పాతబడినా తప్పుదారి పట్టించదు.

బంగారం కరిగే వేడి

ఇదంతా ఆటల్లో, వికీల్లో మాత్రమే జరుగుతుందనుకుంటే పొరపాటు. బంగారం ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుంది? 1948 నాటి అంతర్జాతీయ ఉష్ణోగ్రత మానం ప్రకారం 1063 డిగ్రీల సెల్సియస్. 1968 మానం వచ్చాక 1064.43. 1990లో అమల్లోకి వచ్చి ఇప్పటికీ నడుస్తున్న మానంలో 1064.18. ఈ మధ్యలో బంగారం మారలేదు. వేడిని కొలిచే పద్ధతి మెరుగైన కొద్దీ ఆ వేడికి మనం ఇచ్చే అంకె మారింది. 1063 అని అచ్చయిన పాత పుస్తకం తప్పు పుస్తకం కాదు, వేరే మానంలో రాసిన పుస్తకం. ప్రయోగశాలలో ఉష్ణమాపకాన్ని సరిచేసుకునేవాళ్లు తమ చేతిలోని అంకె ఏ మానానిదో చూసుకోకపోతే పావు డిగ్రీ నుంచి డిగ్రీకి పైగా తేడా వస్తుంది.

మంచి వికీ పట్టిక గడిలో అంకెతోపాటు మరో నాలుగు సంగతులు ఉండాలి: ఆట వెర్షన్, ప్రమాణం, అంకె తీసుకున్న ఫైలు లేదా చేసిన పరీక్ష, దాన్ని వేయాల్సిన సూత్రం ఉన్న పేజీకి లింకు. వీటిలో ఎక్కువ భాగం దిద్దుబాటు సారాంశంలో ఒక్క వరసలో పట్టేవే. ఆ వరస రాయడం బద్ధకించిన దిద్దుబాటు ఈ రోజుకు సరైనదే కావచ్చు. తర్వాతి వెర్షన్ వచ్చాక అది ఇంకా సరైనదేనా అని చూసేవాళ్లు మాత్రం మళ్లీ మొదటి నుంచి పని మొదలుపెట్టాలి.